ఓట్లు లేని చోట నా ప్రచారం

ఇంగ్లండులో జడ్జి పదవికి పోటీ చేసిన తెలుగువాణ్ణి నేను. పోటీ చేయడమే కాదు, మా ఇంట్లోంచే ఒక జడ్జిని గెలిపించాను కూడా. స్టీవెనేజ్‌లో మా తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్‌లో ఎవర్ని అడిగినా ఈ మాటే చెబుతారు. ఎందుకంటే వాళ్లందరికీ చెప్పింది నేనే.

ఇప్పుడు ఇందులోంచి కాస్త గాలి తీస్తాను. ఇక్కడ జడ్జీలకు ఎన్నికలుండవు. అమెరికాలో కొన్ని చోట్ల ఉంటాయట, ఇళ్ల ముందు బోర్డులు పాతి, నాకు ఓటేస్తే నేరస్తుల పని పడతానని తిరుగుతారట. ఇక్కడ అలాంటిదేమీ లేదు. నేను పోటీ చేశానంటున్నది మెజిస్ట్రేటు పదవికి. దానికి జీతం ఉండదు. లా చదివి ఉండక్కర్లేదు. విగ్గు లేదు, గౌను లేదు. బస్సు డ్రైవరైనా, స్కూలు టీచరైనా, రిటైరైన నర్సైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. కోర్టులో ముగ్గురు వరసగా కూర్చుంటారు, ఎక్కువగా మాట్లాడేది నడిమి వ్యక్తే. ఇక్కడ ఎంత పెద్ద నేరమైనా ముందు వచ్చేది ఆ ముగ్గురి ముందుకే. చిన్నవన్నీ అక్కడే తేలిపోతాయి.

కాబట్టి ఎన్నిక లేదు. ప్రచారం మాత్రం జరిగింది. దాన్ని ఒంటి చేత్తో నడిపింది నేను.

ఎందుకు నడిపానంటే, కాళ్లు ఒకచోట నిలవక. ముప్ఫై ఏళ్లపాటు విమానాల ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ పని చేశాను. నా సంతకం లేందే ఆ ఊళ్లో విమానం ఎగరలేదు. అంటే, సీట్ల కింద బిగించే ఒక రకం బ్రాకెట్ల డబ్బా మీద నా సంతకం ఉండేది. ఆ బ్రాకెట్లు లేకపోయినా విమానం ఎగురుతుంది, కాకపోతే కూర్చున్నవాళ్లు కాస్త కదులుతారు. ఏదైతేనేం, ముప్ఫై ఏళ్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇది పనికొస్తుంది, ఇది పనికిరాదు అని తేల్చిన మనిషిని ఒక శుక్రవారం కేకు కోయించి ఇంటికి పంపేస్తే ఏమవుతాడు? పక్కింటివాళ్లు ఏ చెత్త ఏ డబ్బాలో వేశారో చూస్తాడు. బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో రాసుకుంటాడు. మా ఆవిడ ఆస్పత్రిలో వార్డు సిస్టరుగా చేసి నా కంటే ఏడాది తరవాత రిటైరైంది. ఆవిడకు మాత్రం ఇంట్లో పని ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చేదో, ఒక్క రోజు కూడా తోచడం లేదని అనలేదు. నేను హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి తోటలోకి, తోటలోంచి మళ్లీ హాల్లోకి. డెబ్బైకి ఇంకొక్క మెట్టు ఇవతల ఉన్నాను. మోకాళ్లు ఒద్దంటున్నా ఆగేవాణ్ణి కాదు.

అలా తిరుగుతూ లైబ్రరీలో ఒక కాగితం చూశాను. మెజిస్ట్రేట్లు కావాలి, డెబ్బై నాలుగు లోపువాళ్లు దరఖాస్తు పెట్టుకోవచ్చు అని ఉంది. ఫోన్లో ఫోటో తీసుకుని ఇంటికొచ్చి మా ఆవిడకు చూపించాను.

"తీర్పులు చెప్పడానికి కోర్టు దాకా ఎందుకండీ," అంది వంకాయలు కోస్తూ. "ఇంట్లో చెబుతూనే ఉన్నారుగా."

మాంచెస్టర్‌లో డాక్టరుగా చేస్తున్న మా అమ్మాయికి ఫోన్ చేశాను. తనకు నా తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే వస్తుంది. కంప్యూటర్లో అంతా చదివి, "డాడ్, ముందు కోర్టుకెళ్లి రెండుసార్లు కేసులు చూడాలట. ఆ తరవాతే ఫారం," అంది ఆ ఇంగ్లీషులో.

"చూస్తాను. మరి నాకు మద్దతుగా ఎంతమంది సంతకాలు కావాలి?"

"సంతకాలేంటి?"

"మద్దతమ్మా. జనం."

"డాడ్, ఇట్స్ నాట్ యాన్ ఎలక్షన్," అంది. ఆ వెంటనే ఎవరో పిలిచారని ఫోన్ పెట్టేసింది.

తను పుట్టింది ఇక్కడ, తనకేం తెలుసు అనుకున్నాను. మా ఊళ్లో మునిసిపల్ ఎన్నికల్లో మా మేనమామ కౌన్సిలరుగా నిలబడితే, ఆయన్ని గెలిపించింది నేను. జీపులో మైకు సెట్టుకు కావలసిన బ్యాటరీని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది నేనని చెబితే ఇంకా నిజంగా ఉంటుంది. కానీ ఆ నెల రోజుల్లో ఒకటి నేర్చుకున్నాను. పదవి ఏదైనా, ఇచ్చేవాడు ఎవరైనా, మన వెనక పదిమంది ఉన్నారని వాడికి కనపడాలి. దరఖాస్తు ఒక్కటే పట్టుకుని వెళ్లేవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. నాకిది లోకం తీరు. ఇంగ్లండుకొచ్చి ముప్ఫై ఐదేళ్లయినా నా బుర్రలో ఆ జీపు ఆగలేదు.

మా ఫెలోషిప్ ఆదివారం మధ్యాహ్నం ఒక స్కూలు హాల్లో జరుగుతుంది. ఆరాధన అయ్యాక అందరం కలిసి భోంచేస్తాం. ఎక్కువమంది నర్సులు, కేర్ హోముల్లో చేసేవాళ్లు, చదువుకోడానికొచ్చిన పిల్లలు. ఆ ఆదివారం నేను గీతల కాగితాలు నాలుగు, పెన్నులు మూడు పట్టుకుని టేబుల్ టేబుల్‌కీ తిరిగాను.

"ఇదేంటంకుల్?"

"కోర్టులో మనవాడొకడు ఉండొద్దా? సంతకం పెట్టమ్మా."

"మీరు లాయరా అంకుల్?"

"లాయరు జడ్జి ముందు నిలబడేవాడు. నేను కూర్చునేవాణ్ణి."

నవ్వి పెట్టేవారు. బిర్యానీ చేతులు కడుక్కునే లోపలే పెట్టించాను. కాగితాల మీద నూనె మరకలు ఉండేవి, అవి ఉంటేనే జనం నిజంగా ముట్టుకున్నట్టుంటుందని వదిలేశాను. పాస్టరుగారి చేత ఒక ఉత్తరం రాయించాను. ఆయన రాసింది నాలుగు వాక్యాలు, అందులో రెండు నా కుర్చీలు సర్దే ఓపిక గురించి.

సంతకం అడిగితే వాళ్లూ ఏదో ఒకటి చెప్పుకుంటారు. ఒకావిడకు పార్కింగ్ టికెట్. ఒకాయనకు కౌన్సిల్‌తో తగువు. అన్నింటికీ నా దగ్గర ఒకటే మందు: "చూద్దాంలే. నేనున్నాగా." మా వైపు ఈ మాటను ఎవరూ గట్టిగా పట్టుకోరు. భుజం మీద చెయ్యేసినట్టు, ఒక ఓదార్పు. విన్నవాడికీ తెలుసు, అన్నవాడికీ తెలుసు. ఇల్లు కాని చోట, అలిసిపోయి ఉన్నవాడు ఆ మాటను నిజంగానే పట్టుకుంటాడని నాకు తట్టలేదు.

అలా పట్టుకున్నవాడు ఒకడున్నాడు. ముప్ఫై ఐదేళ్లుంటాయి. ఫెలోషిప్‌లో అందరూ బ్రదర్ అనే పిలుస్తారు, నేనూ అలాగే రాస్తాను. కేర్ పని మీద వీసాతో వచ్చాడు, భార్యా చిన్నపిల్లా ఇక్కడే. పని ఏమిటంటే, కారులో ఇల్లిల్లూ తిరిగి, లేవలేని ముసలివాళ్లను పొద్దున్నే లేపి, ఒళ్లు తుడిచి, టిఫిన్ పెట్టి, మందులు వేసి మళ్లీ ఇంకో ఇంటికి పరిగెత్తడం. ఇంటికీ ఇంటికీ మధ్య రోటాలో, అంటే డ్యూటీ పట్టికలో, వేసిన టైము ఎవరికీ చాలదు. స్పీడు కెమెరాకు మూడుసార్లు దొరికాడు. లైసెన్సు మీద మూడేసి పెనాల్టీ పాయింట్ల చొప్పున తొమ్మిదయ్యాయి. ఇప్పుడు నాలుగోసారి.

"పన్నెండైతే ఆర్నెల్లు లైసెన్సు పోతుందంట అంకుల్," అన్నాడు. పెరుగన్నం ప్లేటు అలాగే ఉంది. "లైసెన్సు లేకపోతే ఈ పని లేదు. పని పోతే వీసా ఉండదు."

"కోర్టుకు రమ్మన్నారా?"

"రమ్మన్నారు. లైసెన్సు తీసేస్తే ఎవరెవరికి ఎంత కష్టమో చూపిస్తే వదలొచ్చంట. మేనేజర్ దగ్గర లెటర్ తెచ్చుకోమని పనిలో ఫ్రెండ్ ఒకడు చెప్పాడు. అడగాలంటే భయంగా ఉంది. పాయింట్ల సంగతి ఆవిడకు పూర్తిగా తెలీదు."

ఇక్కడ నేను ఏం అనాలో ఇప్పుడు నాకు బాగా తెలుసు. అడుగు నాయనా, ఇవాళే అడుగు అనాలి. నేనన్నది ఇదీ:

"అడగొద్దులే. ఊరికే రచ్చ. నేను వాళ్లతో మాట్లాడతాను. రోజూ వెళ్తున్నాగా కోర్టుకి."

అప్పటికి ఒక్కసారి వెళ్లాను.

అతను కాగితం తీసుకుని సంతకం పెట్టాడు, కింద ఫోన్ నంబరు కూడా రాశాడు. నేను పక్క టేబుల్‌కి వెళ్లిపోయాను. కోర్టు తారీఖు ఎప్పుడని కూడా అడగలేదు.

ఆ ఒక్కసారి వెళ్లిన సంగతి చెప్పాలి. నా కళ్లకు ఆపరేషన్ అయ్యేదాకా కారు నడపొద్దన్నారు, అందుకని మా ఆవిడే తీసుకెళ్లింది. కోర్టంటే ఏదో అనుకున్నాను. తీరా చూస్తే పాస్‌పోర్టు ఆఫీసులా ఉంది. నీలం కుర్చీలు, నీళ్ల మిషను, గోడ మీద రాజముద్ర ఒక్కటే కాస్త దర్జాగా ఉంది. పైన కూర్చున్న ముగ్గుర్లో ఒకాయన స్వెట్టరు వేసుకొచ్చాడు. నాకు నిరుత్సాహం కలిగింది. ఇంత మామూలు మనుషులా అనిపించింది. మరుక్షణం ధైర్యం కూడా వచ్చింది, ఇంత మామూలు మనుషులేగా అని.

సూపర్‌మార్కెట్లో మాంసం ప్యాకెట్లు కోటులో దాచుకున్న మనిషిని తెచ్చారు. నేను మా ఆవిడ చెవిలో, "రిజెక్ట్," అన్నాను.

"ఆయన్నింకా మాట్లాడనివ్వలేదు," అంది.

"మాట్లాడేదేముంది. కోటులో దొరికాయిగా."

"వినండి."

ఆ పూట ఏడు కేసులకు తీర్పు చెప్పాను. పైవాళ్లు నాతో ఏకీభవించింది రెండింట్లో. కోర్టు పనులు చూసే నల్లగౌను ఆవిడ, అషర్ అంటారు, వచ్చి దయచేసి గుసగుసలు ఆపమని రెండుసార్లు చెప్పింది. మా ఆవిడ ఒళ్లో చిన్న పుస్తకం పెట్టుకుని రాసుకుంటూ కూర్చుంది. ఆవిడ వినే తీరు నాకు తెలుసు. పొద్దున్నే వార్డులో డ్యూటీ మారేటప్పుడు, ముందు షిఫ్టు సిస్టరు ఒక్కో మంచం గురించి చెబుతుంటే అలా వినేదట. ఒక మాట జారిపోతే ఒక మనిషికి ప్రమాదం అన్నట్టు. నా మోకాలు ఆడుతూనే ఉంది. ఆవిడ పెన్ను తప్ప ఏదీ కదల్లేదు.

తిరిగొచ్చేటప్పుడు రౌండబౌట్ దగ్గర ఆగి, రోడ్డు మీద చూపు తిప్పకుండా, "నేను కూడా పెడతాను ఫారం," అంది.

నవ్వాను. నిజం చెప్పాలంటే నాకొచ్చిన మొదటి ఆలోచన, నా ఓట్లు చీలిపోతాయని. లేని ఓట్లు చీలిపోతాయని మూడు రోజులు కుదురుగా కూర్చోలేదు. మరుసటి ఆదివారం ఇంకో రెండు కాగితాలు పట్టుకెళ్లాను. బ్రదర్‌కి నేనున్నాగా అన్నది ఆ రోజే.

రెండోసారి చూడ్డానికి మా ఆవిడ వేరే రకం కేసులున్న రోజు ఎంచింది. ట్రాఫిక్ కేసుల రోజు. పది గంటలకు వెనక వరసలో కూర్చున్నాం. నడిమి కుర్చీలో నెరిసిన జుట్టు ఆవిడ, ముక్కు మీద చదువుకునే అద్దాలు. నాలుగు కేసులయ్యాక అషర్ ఐదో పేరు పిలిచింది. తలుపు తీసుకుని బ్రదర్ వచ్చాడు.

పెళ్లికి వేసుకునే సూటు వేసుకొచ్చాడు. చేతిలో ఏమీ లేదు. కవరు లేదు, ఫైలు లేదు. కోర్టు పంపిన నోటీసు ఒక్కటే నాలుగు మడతలు పెట్టి పట్టుకున్నాడు. నన్ను చూశాడు. అతని ముఖం ఎలా విప్పారిందో చెప్పలేను. నన్ను జన్మలో ఎవరూ అంత నమ్మకంతో చూసి ఉండరు. నేను తల వంచుకుని బూటు లేసు చూసుకున్నాను. ఆ బూట్లకు లేసులు లేవు.

తప్పు ఒప్పుకున్నాడు. మెజిస్ట్రేట్ల ముందు కింద టేబుల్ దగ్గర కూర్చునే లీగల్ అడ్వైజర్, వయసులో మా అమ్మాయంత ఉంటుంది, నెమ్మదిగా విడమరిచి చెప్పింది. పన్నెండు పాయింట్లు అయినందున ఆర్నెల్లు లైసెన్సు తీసేయాలి. తీసేస్తే మామూలుకు మించిన కష్టం ఎవరికైనా కలుగుతుందని చూపగలిగితే ఈ బెంచి ఆలోచిస్తుంది. మీ యజమాని నుంచి ఉత్తరం గానీ, మీ రోటా గానీ, ఏమైనా తెచ్చారా?

బ్రదర్ వెనక్కి తిరిగి నన్ను చూశాడు. ఇక మీరు చెప్పండి అన్నట్టు.

నడిమి ఆవిడ అద్దాల మీదుగా నావైపు చూసింది. "ఆ పెద్దమనిషి మీకు తెలుసా?"

"తెలుసు మేడమ్," అన్నాడు బ్రదర్. అతని ఇంగ్లీషు ఆ రోజు చాలా స్పష్టంగా ఉంది. "మా అంకుల్. ఇక్కడ జడ్జి కాబోతున్నారు. పేపర్లు అక్కర్లేదు, నేను మీతో మాట్లాడతానన్నారు."

కోర్టులో కీబోర్డు చప్పుడు ఆగింది. ఆవిడ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "మాతో ఎవరూ మాట్లాడలేదు," అంది. "మాతో ఎవరూ మాట్లాడకూడదు కూడా. మీకు అర్థమైందా?"

అతనికి అప్పుడు అర్థమైంది. అతని చెవులు వెనకనుంచి ఎర్రబడటం నాకు కనపడింది. మరో రెండు నిమిషాల్లో లైసెన్సు పోతుంది, దాని వెనకే మిగతావన్నీ వరసగా పోతాయి. ఇక ఆలస్యం చేయకూడదనిపించింది. మా ఆవిణ్ణి మోచేత్తో పొడిచాను, లే, ఏదో ఒకటి చెయ్యి అని. ఆవిడ లేచింది.

నడిమి ఆవిడ చెయ్యెత్తి, వెనక కూర్చున్నవాళ్లు మాట్లాడకూడదని చెప్పింది. మా ఆవిడ మాట్లాడలేదు. నడవాలోకి వచ్చి అషర్‌తో రెండు ముక్కలు చెప్పింది. ఇతనికి చూపించాల్సిన కాగితాలు నిజంగానే ఉన్నాయి, తప్పుడు సలహా విని తేలేదు, మధ్యాహ్నం దాకా టైమిస్తే తెచ్చుకుంటాడు. అషర్ వెళ్లి లీగల్ అడ్వైజర్‌కి చెప్పింది. లీగల్ అడ్వైజర్ లేచి పైవాళ్లకు చెప్పింది. ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకున్నారు. రెండు గంటలకు మళ్లీ పిలుస్తామన్నారు.

బయట వరండాలో అషర్ వచ్చి మా పేర్లడిగింది. మర్యాదగానే అడిగింది. నేను, "దారిన పోతూ ఊరికే తొంగి చూశాను," అన్నాను.

మా ఆవిడ తన పేరు స్పెల్లింగుతో సహా చెప్పింది. తరవాత నా పేరు చెప్పింది. "ఈయన మా వారు. ఇద్దరం మెజిస్ట్రేట్లుగా దరఖాస్తు పెట్టబోతున్నాం, అందుకే చూడ్డానికొచ్చాం," అంది. అషర్ రాసుకుంది. ఆ పెన్ను కదులుతున్నంతసేపూ నా దరఖాస్తు, ఆవిడ దరఖాస్తు రెండూ కలిసి కొట్టుకుపోవడం నాకు కనిపిస్తూనే ఉంది.

బ్రదర్‌ని కారెక్కించుకుని మా ఆవిడ అతని కేర్ ఆఫీసుకు వెళ్లింది. నేను కోర్టులోనే ఉండిపోయాను. కారులో చోటు లేక కాదు. అతని పక్కన కూర్చోడానికి ముఖం చెల్లలేదు. మిషన్లోంచి చిప్స్ ప్యాకెట్ తెచ్చుకుని తినకుండా పట్టుకుని, ఈ తలుపు నుంచి ఆ తలుపు దాకా నడిచాను. సెక్యూరిటీ అతను రెండుసార్లు, "ఏమైనా కావాలా సర్?" అన్నాడు. మూడోసారి అడగడం మానేసి చూస్తూ ఊరుకున్నాడు. నోటీసు బోర్డు మీదున్నవన్నీ చదివాను. అగ్నిప్రమాదం జరిగితే ఎక్కడ గుమిగూడాలో నాకిప్పటికీ కంఠతా వచ్చు.

రెండుకు పది నిమిషాల ముందు వచ్చారు. మేనేజర్ అక్కడికక్కడే ఉత్తరం టైపు చేసి సంతకం పెట్టిందట. ఇంతకాలం దాచినందుకు కోప్పడిందట, ఆ వెంటనే కూర్చుని రాసిందట. రోటా కూడా ప్రింటు తీసి ఇచ్చింది.

బ్రదర్ బైబిలు మీద ప్రమాణం చేసి మాట్లాడాడు. తన గురించి తక్కువే చెప్పాడు. రోజూ ఆరున్నరకు తాను మొదట వెళ్లే ఇంట్లో ఒక ముసలాయన ఉన్నాడని, తాను తలుపు తీసేదాకా ఆయన మంచం మీదే ఉంటాడని, ఆ దారిలో బస్సు లేదని చెప్పాడు. స్వెట్టరు ఆయన లాంటి ఇంకొకాయన ఆ రోజు కుడివైపు కూర్చున్నాడు. ముసలాయన్ని లేపడానికి ఇంకెవరూ లేరా అని అడిగాడు. ఉన్నారు సర్, కానీ వాళ్ల ఇళ్లు వాళ్లకున్నాయి అన్నాడు బ్రదర్. ముగ్గురూ లోపలికి వెళ్లారు. పావుగంట పట్టింది. నేను లేచి నిలబడ్డాను, కూర్చున్నాను, మళ్లీ లేచాను. మా ఆవిడ నావైపు చూడలేదు.

లైసెన్సు ఉంచారు. ఇదే కారణం చెప్పి మూడేళ్లలోపు మళ్లీ రావడానికి లేదని గట్టిగా చెప్పారు. బయటికొచ్చి బ్రదర్ మా ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, "వందనాలు ఆంటీ," అన్నాడు. నాకేసి తిరిగి తలాడించాడు. ఆ తలాడింపుకు అర్థం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ తరవాత చాలా ఆదివారాలు అతను నా టేబుల్ దగ్గర కూర్చోలేదు.

ఇంటికొచ్చాక ఫారాలు. డైనింగ్ టేబుల్‌కి అటొకరం ఇటొకరం, ఇద్దరు అభ్యర్థులం. అందులో ఒక ప్రశ్న ఉంది: మీ గురించి బయటికొస్తే ఈ పదవికి మచ్చ తెచ్చేది ఏదైనా ఉందా అని. మా ఆవిడ ఆ రోజు కోర్టులో జరిగిందంతా అరపేజీ రాసింది.

"ఎందుకదంతా?" అన్నాను. "అది నీ తప్పు కాదుగా."

"నాది కాదు. మా ఇంటిది."

"అడక్కుండా చెప్పడమెందుకు?"

"అడిగారుగా. ఇదిగో, చదవండి."

నేను ఆ గడిలో 'ఏమీ లేదు' అని రాశాను. రాసి, రెండుసార్లు చెరిపి, మళ్లీ అదే రాశాను. నా సంతకాల కాగితాలు జత చేయడానికి ఆ ఫారంలో చోటు లేదు. అందుకని పెద్ద కవర్లో పెట్టి పోస్టులో పంపాను. వారం తిరక్కుండా వెనక్కి వచ్చాయి. ఇలాంటివి మేము తీసుకోము, దయచేసి మీ దగ్గరే భద్రపరుచుకోండి అని ఒక చీటీ. ఆ చీటీలో ఒక్క పరుషమైన మాట లేదు. అన్నిసార్లు చదివినా దొరకలేదు.

ఎదురుచూపు మొదలైంది. రోజుకు నలభైసార్లు మెయిలు చూసేవాణ్ణి. నాకొచ్చింది ముందు. మీ దరఖాస్తును ముందుకు తీసుకెళ్లలేకపోతున్నాం. అంతే. మా ఆవిడకు ఇంటర్వ్యూ వచ్చింది, కంప్యూటర్లోనే. ఆ పొద్దున నన్ను ఇంట్లోంచి బయటికి పంపించేసింది. సన్నగా వాన పడుతోంది. వీధి చుట్టూ మూడుసార్లు తిరిగి, వంటింటి కిటికీ కింద చెత్త డబ్బాల పక్కన నిలబడ్డాను. ఆవిడ గొంతు వినిపించింది. ఆ రోజు సంగతే అడిగినట్టున్నారు. "అవునండీ, ఆయన మా వారే," అంటోంది ఇంగ్లీషులో. "ఆయన చేసింది తప్పు. ఆయనకు చెడ్డ ఉద్దేశం లేదు. కానీ ఉద్దేశం ఏదైనా, నష్టం జరిగేది ఇంకొకాయనకి." నేను అక్కణ్ణుంచి కదిలి నాలుగో చుట్టు మొదలుపెట్టాను.

ఆవిడను తీసుకున్నారు. ఫెలోషిప్‌లో పాస్టరుగారు ప్రకటించి ప్రార్థన చేశారు. అందరూ నావైపు తిరిగితే, "ఒకే ఇంట్లో ఇద్దరు ఉండకూడదట. అందుకని నేనే తప్పుకున్నాను," అన్నాను. అలాంటి నియమం ఏదీ లేదు. ఒకే బెంచి మీద ఇద్దర్నీ కూర్చోబెట్టరేమో గానీ, ఇద్దరూ ఉండొచ్చు. నేను తప్పుకోలేదు, నన్ను తీసుకోలేదు. ఇది రాయడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఇప్పుడు ఆవిడ నెలకు రెండుసార్లో మూడుసార్లో టిఫిన్ డబ్బా కట్టుకుని కోర్టుకు వెళ్తుంది. నేను కిటికీ దగ్గర. సాయంత్రం తలుపు తీస్తూనే అడుగుతాను, "ఇవాళ ఎవరికి పడింది?"

"అన్నం తిన్నారా?" అంటుంది.

ఏం జరిగిందీ ఎప్పుడూ చెప్పదు. చెప్పకూడదు కూడా. ఆవిడ బూట్లు విప్పే తీరును బట్టి, ఆ రోజు తేలికగా జరిగిందా బరువుగా జరిగిందా అని నాకు నేనే అంచనా వేసుకుంటాను. తప్పులే ఎక్కువ వేస్తాను.

ఈ కాగితాలన్నీ రాసి, నిన్న మధ్యాహ్నం ఆవిడ ముందు పెట్టాను. దాచిందేమీ లేదు, అన్నీ ఒప్పేసుకున్నాననే ధీమా నాది. ఆవిడ నిలబడే చదివింది. చివరిదాకా చదివి, మళ్లీ వెనక్కి తిప్పి, కోర్టులో బ్రదర్ నిలబడ్డ పేజీ దగ్గర ఆగింది.

"మోచేత్తో పొడిచానని రాశారేంటి?"

"పొడిచానుగా. లే, ఏదో ఒకటి చెయ్యమని."

"పొడవలేదు. నేను లేవబోతుంటే కోటు పట్టుకుని కిందికి లాగారు. 'కూర్చో, మనిద్దరి పేర్లూ పోతాయి, వాడి సంగతి వాడు చూసుకుంటాడు' అన్నారు. మీ చెయ్యి విదిలించుకుని లేచాను. అది రాయండి."